చెరువు మొక్కలో పెట్టిన జన్యువుకు స్టార్టర్ ఎవరి చేతిలో ఉంటుంది?

పానగల్లు స్వాతి · సోమవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. నేను నల్లగొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ చదువుతున్నాను. జన్యుమార్పిడి చేసిన నీటి మొక్కల్లో జన్యు వ్యక్తీకరణను ఎలా అదుపు చేస్తారన్నది నా సెమినార్ అంశం. మన చెరువుల మీద పచ్చటి పొరలా పరుచుకునే డక్‌వీడ్ మొక్కల గురించే ఎక్కువ చదువుతున్నాను. లెమ్నా, స్పైరోడెలా, వోల్ఫియా అన్నీ ఆ కుటుంబమే.

చదివినవాటిలో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాల పని నన్ను బాగా ఆకట్టుకుంది. లెమ్నా జపోనికా అనే మొక్కలో మూడు జన్యువులు చేర్చి దానిచేత నూనె తయారుచేయించారు. 2022లో బయటికొచ్చింది. ఎండు బరువులో 8.7 శాతం దాకా నూనె, అంటే మామూలు మొక్కలో ఉండేదానికి 100 రెట్లకు పైనే. అయితే ఆ మూడింటిలో ఒక జన్యువు మాత్రం ఈస్ట్రడయాల్ అనే హార్మోను నీళ్లలో కలిపితేనే పనిచేస్తుంది. మిగతా రెండూ ఎప్పుడూ పనిచేస్తూనే ఉంటాయి. ఆ ఒక్కదానికే ఆ కట్టడి ఎందుకు?

ఇంకో ప్రశ్న కూడా ఉంది. మూసీ నీళ్లు పారే చెరువుల్లో డక్‌వీడ్ ఎట్లాగూ పెరుగుతుంది. అక్కడే ఈ నూనె మొక్కను పెంచితే నీళ్లు శుభ్రపడతాయి, నూనే వస్తుంది కదా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

కల్వకుర్తి ల్యాబ్ · సోమవారం రాత్రి 10:05

స్వాతి గారూ, మంచి అంశం తీసుకున్నారు. నేను హైదరాబాద్‌లో మొక్కల టిష్యూ కల్చర్ మీద పనిచేస్తాను, ఊరు కల్వకుర్తి.

మీరు చెప్పిన ఆ ఒక్క జన్యువు పేరు రింకిల్డ్-1. అది నేరుగా నూనె చేయదు. చక్కెరలను కొవ్వు ఆమ్లాల వైపు మళ్లించే జన్యువుల గుంపు మొత్తాన్ని లేపుతుంది. దాన్ని పుట్టినప్పటినుంచీ నడిపిస్తే ఎదుగుదలకు పోవాల్సిన పిండిపదార్థం కొవ్వుకు పోతుంది, మొక్క గిడసబారుతుంది. డక్‌వీడ్‌కు ఉన్న బలమల్లా ఒక్కటే, రెండు మూడు రోజులకోసారి రెట్టింపు కావడం. అది పోయాక ఒక్కో మొక్కలో ఎంత నూనె ఉన్నా ఏం లాభం? అందుకే ముందు తొట్టి నిండా పెరగనిచ్చి, ఆ తర్వాత ఈస్ట్రడయాల్ పోసి దాన్ని లేపుతారు. మిగతా రెండింట్లో ఒకటి నూనె తయారీలో చివరి మెట్టు పూర్తిచేసే ఎంజైముది, అది ఎలుక నుంచి తీసుకున్నది. ఇంకోటి నువ్వుల నుంచి తెచ్చిన ఓలియోసిన్, తయారైన నూనె బొట్లను చుట్టుకుని కరిగిపోకుండా కాపాడుతుంది. ఈ రెండూ ఎప్పుడూ నడుస్తున్నా మొక్కకు అంత భారం కాదు.

మీ సెమినార్‌లో ఇంకో విషయం తప్పకుండా చెప్పండి. ఆ మూడు జన్యువులకూ మూడు వేర్వేరు ప్రమోటర్లు, అంటే జన్యువు ఎప్పుడు పనిచేయాలో చెప్పే డీఎన్‌ఏ ముక్కలు, వాడారు. ఓలియోసిన్‌కు అరబిడాప్సిస్ అనే ప్రయోగశాల మొక్క నుంచి వచ్చిన యుబిక్విటిన్ ప్రమోటర్, ఎంజైముకు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి వచ్చిన 35ఎస్, రింకిల్డ్‌కు ఈస్ట్రడయాల్‌ది. ఒకే ప్రమోటర్‌ను పదే పదే పెడితే మొక్క దాన్ని వైరస్ దాడిలాగానే చూసి నోరు మూయిస్తుంది. ఆ డీఎన్‌ఏ వరుస మీద మిథైల్ అనే రసాయన గుర్తులు పడతాయి, చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్కలు పుట్టి జన్యువు పంపే సందేశాన్ని తుంచేస్తాయి. జన్యువు అక్కడే ఉంటుంది, పని మాత్రం జరగదు.

డిండి పత్తిరైతు · మంగళవారం ఉదయం 6:40

అన్నా, ఆఖరి మాట చదివినంక అడగాలనిపించింది. మేం పత్తి ఏస్తున్నం, బీటీ గింజలే. మొదట్ల పచ్చ పురుగు రాకపోతుండె. కాయ పట్టే యాళ్లకు మాత్రం కొన్ని సార్లు పురుగు కనిపిస్తుండె. గింజల జన్యువు ఉన్నది గద, మరి ఎందుకు పనిచెయ్యలే అని అప్పట్నించి నాకు డౌటు. గింజ నకిలీదేమో అనుకున్నం అందరం. నువ్వు చెప్పిన నోరు మూసుడు గిదేనా?

పాలమూరు బాటనీ మాస్టారు · మంగళవారం ఉదయం 8:15

రైతు సోదరా, నువ్వడిగిన దానికి జవాబు 20 ఏండ్ల కిందటే వచ్చింది. నాగ్‌పూర్ కేంద్ర పత్తి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు మన దేశపు బీటీ హైబ్రిడ్లలో విషపు ప్రోటీన్ ఎంత తయారవుతోందో ఆకు ఆకు, భాగం భాగం కొలిచి 2005లో ప్రచురించారు. పురుగును చంపడానికి గ్రాముకు 1.9 మైక్రోగ్రాములు కావాలి. విత్తిన 110 రోజులు దాటేసరికి మొక్కలో అది అంతకన్నా కిందికి పడిపోతోంది. పైగా ఆకుల్లో ఎక్కువ ఉండి, పురుగు తినే కాయ తొక్కలో, పూవు అండాశయంలో అన్నింటికన్నా తక్కువగా ఉంది. అంటే అక్కరున్న చోట, అక్కరున్న వేళ తక్కువ. జన్యువు ఉన్నంత మాత్రాన అది అన్నిచోట్లా ఒకేలా పనిచేయదని మన పత్తి చేను మీదే రుజువైంది. గులాబీ పురుగు సంగతి వేరు, దానికి విషాన్ని తట్టుకునే శక్తి వచ్చేసింది. రెండూ కలపకండి.

ప్రమోటర్ అంటే బోరు మోటారుకు స్టార్టర్ అనుకోండి. 35ఎస్ లాంటిది ఆటో స్టార్టర్, కరెంటు వచ్చిందంటే మడికి నీళ్లు కావాలా వద్దా అని చూడకుండా మోటారు నడిపిస్తుంది. 24 గంటల కరెంటు వచ్చినప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని ఎందుకన్నారో మనందరికీ తెలుసు. స్వాతి చదువుతున్నది చేత్తో నొక్కితేనే నడిచే స్టార్టర్ గురించి.

వాడపల్లి మత్స్యమిత్ర · మంగళవారం ఉదయం 11:30

నేను సైన్సు చదువుకోలేదు, మా సొసైటీలో చేపలు పట్టి బతికేటోళ్లం. మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోటు మాది. పై నుంచి ఏది వదిలినా ఆఖరికి మా వలలోకే వస్తది. ఈస్ట్రడయాల్ అంటే ఆడవాళ్ల హార్మోనే కదా? దాన్ని చెరువు నీళ్లలో పోస్తరా? చేప పిల్లల గతి ఏంది? ముందు దీనికి జవాబు చెప్పండి, నూనె సంగతి తర్వాత.

కల్వకుర్తి ల్యాబ్ · మంగళవారం మధ్యాహ్నం 1:48

అన్నా, ఈ చర్చలో అన్నింటికన్నా ముఖ్యమైన ప్రశ్న మీరే అడిగారు. లెక్కతో చెప్తాను.

ప్రయోగశాలలో ఈ స్విచ్‌ను లేపడానికి మామూలుగా కొన్ని మైక్రోమోలార్ల ఈస్ట్రడయాల్ వాడతారు. 10 మైక్రోమోలార్ అనుకుందాం. ఈస్ట్రడయాల్ అణుభారం సుమారు 272, కాబట్టి లీటరుకు 2.7 మిల్లీగ్రాములు. నానోగ్రాముల్లో అయితే 27 లక్షలు.

ఇప్పుడు కెనడా సంగతి. అంటారియో రాష్ట్రంలో పరిశోధనకే కేటాయించిన సరస్సుల్లో ఒకదాంట్లో 2001 నుంచి 2003 దాకా వరుసగా మూడు వేసవులు గర్భనిరోధక మాత్రల్లో ఉండే ఇథినైల్ ఈస్ట్రడయాల్ కలిపారు. లీటరుకు 5, 6 నానోగ్రాములు, అంతే. మగ చేపల్లో గుడ్డు ప్రోటీన్లు పుట్టాయి, ఫ్యాట్‌హెడ్ మిన్నో అనే చిన్న చేప ఆ సరస్సులో దాదాపు అంతరించింది. ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఆ హార్మోను సహజ ఈస్ట్రడయాల్ కన్నా చేపల మీద గట్టిగా పనిచేస్తుంది, అది నిజమే. అయినా 5 ఎక్కడ, 27 లక్షలు ఎక్కడ? ఆ తేడా ముందు అదేమంత ఊరట కాదు.

కాబట్టి స్వాతి గారూ, ఆ స్విచ్‌ను చెరువులో వాడటమనేది జరగని పని, జరగకూడని పని. మూసిన తొట్టెల్లో పెంచి, ఆ నీళ్లను శుద్ధిచేసి వదిలితే తప్ప దాని ఊసెత్తకూడదు. ప్రయోగశాలలో అది గొప్ప పనిముట్టు. 2000లో ఈ స్విచ్‌ను తయారుచేసినవాళ్లు బ్యాక్టీరియా నుంచి డీఎన్‌ఏను పట్టుకునే భాగం, హెర్పిస్ వైరస్ నుంచి జన్యువును లేపే భాగం, మనిషి నుంచి ఈస్ట్రోజెన్‌ను గుర్తించే భాగం తెచ్చి ఒకే ప్రోటీన్‌గా అతికారు. మొక్కల్లో ఈస్ట్రోజెన్ గ్రాహకం సహజంగా ఉండదు కనుక మొక్క సొంత పనులకు పెద్దగా అడ్డు రాదు. దాని అందం అక్కడుంది. కానీ మొక్కకు పట్టని ఆ రసాయనం చేపల సంతతికే ముప్పు.

పానగల్లు స్వాతి · మంగళవారం సాయంత్రం 5:20

ఈ లెక్క నాకు ఎక్కడా దొరకలేదు సార్, చాలా కృతజ్ఞతలు. మత్స్యమిత్ర అన్నా, మీరు అడగకపోతే నేను ఆ వైపు ఆలోచించి ఉండేదాన్నే కాదు.

అయితే చేపకూ మనిషికీ హాని లేని వేరే స్విచ్‌లు లేవా? వేడితో లేచేవి, ఆల్కహాల్‌తో లేచేవి, వెలుతురుతో లేచేవి ఉన్నాయని చదివాను. మన ప్రాంతానికి ఏది సరిపోతుంది?

కల్వకుర్తి ల్యాబ్ · మంగళవారం రాత్రి 10:31

ఒక్కొక్కటే చూద్దాం, మన వాతావరణాన్నీ పక్కన పెట్టుకుని.

వేడి స్విచ్ పైకి చాలా సాధువు, రసాయనమే అక్కర్లేదు. అరబిడాప్సిస్ హీట్ షాక్ ప్రమోటర్‌ను మామూలుగా 37 డిగ్రీల దగ్గర ఓ గంటా రెండు గంటలు ఉంచి లేపుతారు. యూరప్‌లోనో జపాన్‌లోనో 22 డిగ్రీల గదిలో పెంచే మొక్కకు అది బాగానే ఉంటుంది. నల్లగొండలో మే నెల గాలి 44, 45 డిగ్రీలు. లోతు లేని తొట్టిలో నీటి పైపొర మధ్యాహ్నానికి ఎంత కాగుతుందో చేత్తో ముట్టుకుంటేనే తెలుస్తుంది. డక్‌వీడ్ ఉండేది సరిగ్గా ఆ పైపొరలోనే. అంటే మనం లేపకుండానే ఎండ లేపుతుంది, రోజూ. ఇక అది అదుపు ఎట్లా అవుతుంది?

ఆల్కహాల్ స్విచ్ ఆస్పర్‌జిల్లస్ నిడ్యులాన్స్ అనే బూజు నుంచి వచ్చింది. చవక, ఇథనాల్ గాలికి ఎగిరిపోతుంది, తక్కువ మోతాదులో పెద్ద విషమూ కాదు. కానీ అసలు దాన్ని లేపేది ఇథనాల్ నుంచి పుట్టే అసిటాల్డిహైడ్. ఆక్సిజన్ అందని కణాలు సొంతంగానే ఆ రెండింటినీ తయారుచేసుకుంటాయి. మురుగు నీళ్లలో, పొర మీద పొరగా పేరుకున్న మొక్కల అడుగున ఆక్సిజన్ కరువే. అక్కడ స్విచ్ కారుతుంది, అంటే ఎవరూ నొక్కకుండానే కొంచెం కొంచెంగా జన్యువు పనిచేస్తుంటుంది. డెక్సామెథసోన్ స్విచ్ కూడా ఉంది, అదీ స్టెరాయిడ్ మందే. ఈస్ట్రడయాల్ గురించి చెప్పిన అభ్యంతరమే దానికీ వర్తిస్తుంది.

వెలుతురు విషయంలో డక్‌వీడ్‌కు పెద్ద చరిత్రే ఉంది. ఎర్ర కాంతి, దూర ఎర్ర కాంతి పడితే ఏ జన్యువు లేస్తుంది, ఏది పడుకుంటుంది అన్నది తొలినాళ్లలో నేర్పిన మొక్కల్లో లెమ్నా గిబ్బా ఒకటి. 1980లలో లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎలెయిన్ టోబిన్ బృందం ఆ పని చేసింది. కాంతితో నియంత్రణ మూసిన గదిలో కుదురుతుంది. ఆరుబయట సూర్యుడు మన మాట వినడు.

నాకు నమ్మకం కలిగించేది పోషకాల స్విచ్. నీళ్లలో ఫాస్ఫేట్ గానీ నత్రజని గానీ తగ్గినప్పుడు మొక్క తన సొంత ప్రమోటర్లు కొన్నింటిని లేపుతుంది. ఎరువు ఉన్నంతకాలం పెరుగు, ఎరువు అయిపోయాక ఉత్పత్తి మొదలుపెట్టు అన్న వరుస దానికదే వస్తుంది. కొత్త రసాయనం పోయక్కర్లేదు, ఉన్నదాన్ని తీసేయడమే.

జడ్చర్ల అజొల్లా అక్క · బుధవారం ఉదయం 7:05

తమ్ముడూ, మీ మాటలు సగం అర్థమైనయి. నేను బర్లకు అజొల్లా పెంచుతాను, సిల్పాలిన్ షీటు పరిచిన గుంతల్లో. పక్కన రెండు గుంతల్లో మీరు చెప్పే ఆ చిన్నాకు మొక్క దానంతటదే వచ్చింది, కోళ్లకు వేస్తున్నా, బాగానే తింటున్నయి. దానికి జన్యువు మార్చకుండా పోషకాలు తగ్గిస్తే ఏమైనా అవుతుందా?

పాలమూరు బాటనీ మాస్టారు · బుధవారం ఉదయం 9:40

అమ్మా, అవుతుంది. నేను చెప్పాలనుకున్నదీ అదే. 2013లో చైనా శాస్త్రవేత్తలు లాండోల్షియా అనే డక్‌వీడ్‌ను ఎరువు నీళ్ల నుంచి తీసి పోషకాల్లేని నీళ్లలో వేశారు. ఎండు బరువులో 3 శాతం ఉన్న పిండిపదార్థం వారంలో 45 శాతం దాటింది. ఏ జన్యువూ చేర్చలేదు. మొక్కలో ఉన్న జన్యువులే పనితీరు మార్చుకున్నాయి. పిండి కట్టే ఎంజైముల జన్యువులు లేచాయి, ఎదుగుదల తగ్గింది. ఇది కూడా జన్యు వ్యక్తీకరణను అదుపు చేయడమే, బయటినుంచి.

కోళ్లకు మీకు కావాల్సింది మాంసకృత్తులు. కాబట్టి మీరు ఆ మొక్కను ఆకలితో ఉంచకండి. పేడనీళ్లు పడుతున్నంతకాలం మాంసకృత్తులు ఎక్కువగా ఉంటాయి, నీళ్లు పలచబడితే పిండి పెరిగి మాంసకృత్తులు తగ్గుతాయి. ఆకు పసుపు తిరిగి కింది వేర్లు పొడుగ్గా సాగాయంటే పోషకాలు చాలడం లేదని గుర్తు. ఒక్క జాగ్రత్త, మురుగు కాలువల నుంచి, మూసీ నుంచి తెచ్చిన మొక్కను పశువులకు కోళ్లకు వేయొద్దు. నీళ్లలోని లోహాలను ఈ మొక్క బాగా పీల్చుకుంటుంది. కాలుష్యాన్ని పీల్చే గుణం కోసం దాన్ని మెచ్చుకుంటూ, ఆ మొక్కనే మేతగా వాడటం కుదరదు.

నిర్వాహకులు · బుధవారం మధ్యాహ్నం 12:10

"జన్యుమార్పిడి డక్‌వీడ్ ఎక్కడైనా దొరుకుతుందా, మా చెరువులో వేసి చూస్తాం" అన్న ఒక పోస్టును తొలగించాం. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా ఇలాంటి మొక్కలు దిగుమతి చేసుకోవడం, పెంచడం, వదలడం నేరం. ప్రయోగశాలలో పనికి సంస్థలోని జీవభద్రతా కమిటీ, దానిపైన కేంద్ర బయోటెక్నాలజీ శాఖలోని ఆర్‌సీజీఎం అనే సమీక్షా కమిటీ, బయట వదలడానికి కేంద్ర పర్యావరణ శాఖలోని జీఈఏసీ అనే కమిటీ అనుమతి కావాలి. పొలంలో ప్రయోగానికి రాష్ట్ర ప్రభుత్వ సమ్మతి కూడా ఉండాలి. చర్చ కొనసాగించండి.

పానగల్లు స్వాతి · బుధవారం సాయంత్రం 6:02

అనుమతుల విషయంలో నాకో సందేహం. డక్‌వీడ్ అరుదుగా తప్ప పూయదు, పిలకలతోనే పెరుగుతుంది. పుప్పొడి ద్వారా జన్యువు పక్క మొక్కకు పోయే భయం పత్తికీ ఆవాలకూ ఉన్నంత దీనికి ఉండదు. కాబట్టి ఇది సురక్షితమే కదా అని ఒకచోట రాశారు. పైగా తప్పించుకుపోతే చచ్చిపోయేలా ఒక కిల్ స్విచ్ పెట్టొచ్చు అని కూడా. మీరేమంటారు?

కల్వకుర్తి ల్యాబ్ · బుధవారం రాత్రి 11:15

పుప్పొడి మాట నిజం. కానీ పత్తి మొక్క నడిచి పక్క ఊరికి పోదు. డక్‌వీడ్‌లో ప్రతి ఆకూ ఒక పూర్తి మొక్క. అలుగు పారితే పోతుంది, కొంగ కాలికి అంటుకుని పోతుంది, బర్రె ఒంటికి అంటుకుని పోతుంది. స్పైరోడెలా అయితే పరిస్థితులు బాగాలేనప్పుడు ట్యూరియాన్లు అనే గట్టి మొగ్గలు చేసి అడుగుకు పంపుతుంది, అవి బురదలో నిద్రపోయి మళ్లీ తేలుతాయి. గుర్రపు డెక్క మన చెరువుల్లోకి వచ్చాక ఏమైందో చూస్తూనే ఉన్నాం కదా.

కిల్ స్విచ్ గురించి నా అభిప్రాయం గట్టిది. మొక్కకు భారమయ్యే ఏ జన్యువైనా, స్విచ్ అయినా, దాన్ని పోగొట్టుకున్న మొక్కకు పోటీలో లాభం. లెక్క వేయండి. భారం మోస్తున్న మొక్క రెండున్నర రోజులకు రెట్టింపు అవుతోంది. ఎక్కడో ఒక ఆకులో జన్యువు పాడై లేదా నోరు మూసుకుని, అది రెండు రోజులకే రెట్టింపు కావడం మొదలుపెట్టింది. 60 రోజుల్లో మొదటిది 24 సార్లు, రెండోది 30 సార్లు రెట్టింపు అవుతాయి. ఆరు రెట్టింపుల తేడా అంటే 64 రెట్లు. ఇలాగే సాగితే కొన్నాళ్లకు మొత్తం తొట్టి చేతులు మారుతుంది. నూనె జన్యువు పోతే నష్టం కంపెనీది. కిల్ స్విచ్ పోతే నష్టం చెరువుది. అందుకే ఒక్క కిల్ స్విచ్ మీద ఆధారపడి తెరిచిన నీళ్లలో వదలడాన్ని నేను ఒప్పుకోను.

ఇదే గుణం మూసిన తొట్టిలో వరమవుతుంది. విత్తనంతో పనిలేదు కాబట్టి తరం మారేకొద్దీ గుణాలు చెదిరిపోయే గొడవ లేదు. ఒకే జన్యు నిర్మాణం పెట్టిన ఎన్నో లైన్లు, అంటే వేర్వేరు మొక్క సంతతులు, తయారుచేస్తే, జన్యువు క్రోమోజోములో ఎక్కడ పడిందన్న దాన్నిబట్టి ఒక్కోటి ఒక్కోలా పనిచేస్తుంది. వాటిలో నిలకడగా పనిచేసేదాన్ని ఏరి, దాన్నే పెంచుకుంటూ పోవచ్చు. అమెరికాలో బయోలెక్స్ అనే కంపెనీ ఈ దారిలోనే లెమ్నాలో మందులు తయారుచేసింది. 2006లో వాళ్లు చేసిన పని పాఠ్యపుస్తకంలో ఉండదగ్గది. మొక్కలో తయారైన యాంటీబాడీ మీద మొక్క తనదైన జైలోజ్, ఫ్యూకోజ్ చక్కెరలు తగిలిస్తుంది, మనిషి యాంటీబాడీల మీద అవి ఆ తీరులో అతికి ఉండవు. వాటిని తగిలించే రెండు ఎంజైములనూ ఆర్‌ఎన్‌ఏ జోక్యంతో ఒకేసారి నోరు మూయించి, అదే మొక్కలో యాంటీబాడీని తయారుచేయించారు. ఒకవైపు ఒక జన్యువును లేపడం, ఇంకోవైపు రెండింటిని పడుకోబెట్టడం. మొదట చెప్పిన నోరు మూయించడమే ఇక్కడ పనిముట్టయింది. ఆ కంపెనీ 2012లో దివాలా తీసింది, పని మాత్రం నిలిచింది. 2019లో లెమ్నా ఈక్వినాక్షియాలిస్‌లో క్రిస్పర్ అనే జన్యు కత్తెరతో, ఆకు రంగుకు అవసరమైన పీడీఎస్ జన్యువును తుంచి తెల్లటి మొక్కలు కూడా తెచ్చారు.

వాడపల్లి మత్స్యమిత్ర · గురువారం ఉదయం 6:50

తొట్టిలో అంటే మాకేం పేచీ లేదు. నీళ్లు బయటికొచ్చే చోట జాలి ఉందా లేదా, వానాకాలం తొట్టి పొర్లితే ఎవరు బాధ్యులు, ఈ రెండింటికి కాయితం మీద జవాబు ఉండాలె. మా సొసైటీని కూడా పిలిచి మాట్లాడాలె. ప్రయోగం అయిపోయినంక చెప్పుడు కాదు.

మర్రిగూడ బిడ్డ · గురువారం ఉదయం 10:22

ఇన్ని రోజులుగా చదువుతున్నా, ఒకటి అడుగుతా. మాది ఫ్లోరైడ్ ఊరు. మా నాయనమ్మ నడుం వంగిపోయి చనిపోయింది. భగీరథ నీళ్లు వచ్చినా బోరు నీళ్లు వాడటం పూర్తిగా ఆగలేదు. ఫ్లోరైడ్ ఉంటే రంగు మారే మొక్కను చేయొచ్చా? ఇంట్లో చిన్న గిన్నెలో వేసుకుంటే చూడగానే తెలిసిపోయేలా.

కల్వకుర్తి ల్యాబ్ · గురువారం మధ్యాహ్నం 2:17

తమ్ముడూ, నీ ప్రశ్న చదివి చాలాసేపు దాని గురించే ఆలోచించాను.

ఫ్లోరైడ్‌ను గుర్తుపట్టే స్విచ్ ప్రకృతిలోనే ఉంది. కొన్ని బ్యాక్టీరియాల్లో ఆర్‌ఎన్‌ఏలో ఒక ముక్క ఫ్లోరైడ్ అయాన్ తగలగానే మడత మార్చుకుని, ఫ్లోరైడ్‌ను బయటికి నెట్టే జన్యువును లేపుతుంది. దాన్ని రైబోస్విచ్ అంటారు. 2012లో యేల్ విశ్వవిద్యాలయంలో కనుక్కున్నారు. 2020 నాటికి ఇంకో బృందం దాన్ని కణమే లేకుండా, ఎండబెట్టిన పొడిలా చిన్న గొట్టంలో పెట్టి, నీళ్లు కలిపితే రంగు వచ్చేలా చేసింది. లీటరుకు 2 మిల్లీగ్రాముల దగ్గర గుర్తుపట్టింది. మనకు తాగునీటిలో పరిమితి 1, ఇంకో దారి లేనప్పుడు 1.5. అంటే ఇంకా పదును కావాలి.

మొక్కలో పెట్టడం ఇంకా కష్టం. ఆ స్విచ్ బ్యాక్టీరియాలో ఆర్‌ఎన్‌ఏ తయారవుతుండగానే పనిచేసే రకం. మొక్క కేంద్రకంలో యంత్రాంగం వేరు. హరితరేణువులో అయితే ఆశ ఉంది, ఎందుకంటే దాని లోపలి యంత్రాంగం బ్యాక్టీరియాను పోలినది. పొగాకు హరితరేణువులో థియోఫిలిన్‌తో లేచే రైబోస్విచ్‌ను 2010లోనే పనిచేయించారు. ఆ దారిలో ఎవరైనా మనసుపెట్టి పనిచేయాల్సిన విషయమిది. నల్లగొండ పిల్లలే చేస్తే నాకు ఇంకా సంతోషం.

అయితే నీకు ఇవాళ కావాల్సింది నీళ్ల పరీక్ష. రంగు మారే రసాయన కిట్ ఉంది, గ్రామ నీటి సరఫరా సిబ్బందిని అడుగు. పరీక్ష చేసేదాకా బోరు నీళ్లు తాగడానికీ వంటకూ వద్దు.

పాలమూరు బాటనీ మాస్టారు · గురువారం సాయంత్రం 4:55

దీనికి తోడు ఒక మాట. పటిక, సున్నంతో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్ నీరీ సంస్థ అభివృద్ధి చేస్తే, దానికి ప్రపంచమంతా నల్లగొండ పద్ధతి అనే పేరే ఉంది. మన బాధ మీద పుట్టిన విజ్ఞానమది. మన పిల్లలు ఈ రంగంలోకి రావాలని నేను ఎప్పుడూ కోరుకుంటాను.

స్వాతీ, సెమినార్‌తో పాటు చిన్న ప్రదర్శన కూడా పెట్టు. జన్యుమార్పిడి అక్కర్లేదు. చెరువు నుంచి శుభ్రంగా కడిగిన డక్‌వీడ్ తెచ్చి ఒక గిన్నెలో పోషక ద్రావణం, ఇంకో గిన్నెలో డిస్టిల్డ్ నీళ్లు పోసి వెలుతురులో పెట్టు. వారం తర్వాత రెండింటి ఆకులనూ వేడి నీళ్ల గిన్నెలో కూర్చోబెట్టిన స్పిరిట్‌లో ఉంచి పచ్చదనం పోగొట్టి, అయోడిన్ చుక్క వెయ్యి. మంట మీద నేరుగా స్పిరిట్ పెట్టొద్దు. నల్లబడేది ఏదో చూపించి, జన్యువులు మారలేదు, వాటి పని మారింది అని చెప్పు.

పానగల్లు స్వాతి · గురువారం రాత్రి 8:40

చేస్తాను సార్. మూడో గిన్నెలో మా ఊరి బోరు నీళ్లు పోస్తే ఏమైనా తెలుస్తుందా?

పాలమూరు బాటనీ మాస్టారు · గురువారం రాత్రి 9:03

పోయొచ్చు, కానీ ఆ గిన్నెలో తేడా వస్తే అది ఫ్లోరైడ్ వల్లే అనొద్దు. బోరు నీళ్లలో ఉప్పులు, కాల్షియం, నైట్రేట్ అన్నీ ఉంటాయి. ఫ్లోరైడ్ సంగతి చూడాలంటే డిస్టిల్డ్ నీళ్లలో సోడియం ఫ్లోరైడ్ కొలిచి కలిపిన గిన్నె ఒకటి, అంతే సోడియం వచ్చేలా మామూలు ఉప్పు కలిపిన గిన్నె ఒకటి పెట్టాలి. సోడియం ఫ్లోరైడ్ విషం, మీ మేడమ్ దగ్గరుండగానే తూకం వెయ్యి, చేతికి గ్లౌజులు వేసుకో. ఒక్కో రకానికి కనీసం మూడు గిన్నెలు ఉంచు. మొక్కలన్నీ ఒకే గుంపు నుంచి తీసుకో, మొదలుపెట్టేటప్పుడు ఆకులు లెక్కపెట్టి రాసుకో. అయిపోయాక ఆ ఫ్లోరైడ్ నీళ్లు సింకులో పోయకుండా ల్యాబ్ వ్యర్థాల డబ్బాలో పోయండి.